కామాక్షమ్మ నోరు కట్టేసుకున్న పూట

ప్రెస్‌లో ఆమెను అందరూ కామాక్షమ్మ అనేవారు. అసలు పేరు అది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రొఫెసర్‌గారి ఇంగ్లీషు పుస్తకం ప్రూఫులు తప్పులు దిద్దడానికి ఆమె చేతికొచ్చాయి. ఆయన వాక్యం మొదలుపెడితే ఊపిరి తీసుకోకుండా పేజీ చివరిదాకా పోయే మనిషి. ఈవిడ చదివేవాళ్ల మీద జాలిపడి దారి పొడుగునా కామాలు పెట్టుకుంటూ పోయింది. ఆయన ఆఫీసుకొచ్చి, "ఇది నేను రాసిన పుస్తకమా, ఈ అమ్మాయి పెట్టిన కామాల పుస్తకమా?" అని చిందులేసి వెళ్లాడు. ఆ సాయంత్రమే బైండింగ్ సెక్షన్‌వాళ్లు ఆ పేరు అంటించారు. బైండింగ్‌వాళ్లు అంటించింది ఓ పట్టాన ఊడదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది. ఆమెకూ ఆ పేరు ముద్దుగానే ఉండేది.

ఆ ప్రెస్‌లో అచ్చయ్యేవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. స్కూలు పాఠాలు, కాలేజీ పాఠాలు, ఉద్యోగాల పరీక్షలకు పనికొచ్చే గైడ్లు. మెషీన్ల మోత కాస్త తక్కువగా వినిపించే మేడ మీది మూల గదిలో ప్రూఫ్ రీడర్లు కూర్చుంటారు. అక్కడ పని జంటగా చేస్తారు. ఒకరు రచయిత ఇచ్చిన కాగితం పట్టుకుని పైకి చదవాలి. రెండోవారు అచ్చయి వచ్చిన కాగితం మీద పెన్సిల్ ఆనించి అక్షరం అక్షరం సరిచూడాలి. పైకి చదవడమంటే మాటలు చదివేస్తే సరిపోదు, కాగితం మీద ఏముంటే అదంతా నోటితో పలకాలి. కామా వస్తే "కామా" అనాలి. వాక్యం ముగిస్తే "ఫుల్‌స్టాప్" అనాలి. తర్వాతి పేరాకు దిగితే "న్యూ పేరా" అనాలి. కామాక్షమ్మకు జంట ఒక పెద్దావిడ. ఆఫీసంతా ఆవిణ్ని అక్కయ్య అంటుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుని అలాగే చదువుకున్నారు. కొత్తగా ఆ గదికి పని మీద వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయి, ఈ ఆడవాళ్లిద్దరికీ ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు చూసేవారు.

ఇక కామాక్షమ్మ స్వభావం చెప్పాలంటే, తప్పు కనిపిస్తే ఊరుకోలేదు. బస్సులో అంటించిన నోటీసు, మందుల డబ్బా మీది రాత, బేకరీలో కేకు మీది అక్షరాలు, అన్నీ ఆమె కంట్లో నలుసులే. పెళ్లి కూడా అలాగే అయింది. కళ్లజోడు చేయించుకోవడానికి ఒక షాపుకెళ్లి, నంబరు సంగతి పక్కనపెట్టి, "ముందు మీ బోర్డు మీద ఆ ఇంగ్లీషు ముక్క సరిచేయించండి" అంది. షాపతను మర్నాడే పెయింటరును పిలిపించాడు. వారం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చి చూస్తే ఆ తప్పు పోయింది, దాని పక్కనే ఇంకో కొత్త తప్పు వెలిసింది. మూడోసారి వచ్చేసరికి ఇంకోటి. నాలుగోసారి అడిగితే, "తప్పులు అయిపోతే మీరు రారు కదండీ" అన్నాడు. ఆ మనిషే ఆమె మొగుడు. అతని ఇంగ్లీషు ఇప్పటికీ గేట్లు తీసిన కాలువలా ఎటు పడితే అటు పారుతుంది. ఆమె దిద్దుతూనే ఉంటుంది, అతను నవ్వుతూనే ఉంటాడు.

పెళ్లయిన కొన్నేళ్లకు ఆమె దగ్గరికొక పుస్తకం ప్రూఫుకొచ్చింది. ఇంగ్లీషు రూల్స్ ఎక్కడ పుట్టాయో చెప్పే పుస్తకం. అవన్నీ భాషతో పాటే పుట్టాయని ఆమె అప్పటిదాకా నమ్మింది. తీరా చూస్తే చాలావాటి వయసు రెండు మూడు వందల ఏళ్లకు మించదు. లాటిన్ బాగా చదువుకున్న పెద్దమనుషులు కొందరు, ఇంగ్లీషు కూడా లాటిన్‌లాగా పద్ధతిగా నడవాలని ముచ్చటపడ్డారు. 'టు', 'ఆఫ్' లాంటి చిన్న మాటలు వాక్యం చివర ఉండకూడదని తోచిన ఒక పేరున్న కవి, ఎప్పుడో అచ్చయిన తన పాత రాతలను వెతికి మరీ దిద్దుకున్నాడట. రెండుసార్లు 'లేదు' అంటే కచ్చితంగా లేదని వెనకటి జనం అనుకునేవారు. రెండు లేదులు కలిస్తే ఉన్నట్టేనని తర్వాతివాళ్లు లెక్కల మాస్టార్లలా తేల్చేశారు. తాతల కాలంలో పుస్తకాల్లో దర్జాగా తిరిగిన మాటలు మనవల కాలానికి చదువురానివాళ్ల మాటలైపోయాయి. ఆ గ్రామర్ పుస్తకాలను ఎగబడి కొన్నది ఎవరంటే, వ్యాపారం కలిసొచ్చి కొత్తగా పైకొచ్చినవాళ్లు. పెద్దింటి విందులో నోరు విప్పితే ఎక్కడ నవ్వుతారో అని వాళ్ల భయం.

అది చదివి కామాక్షమ్మకు ఒళ్లు మండిపోయింది. రాత్రి అన్నాల దగ్గర, "ఇన్నాళ్లూ ఎవరి భయాన్నో నేను నెత్తిన పెట్టుకుని మోస్తున్నానండీ" అంది.

"అయితే దించేయవోయ్" అన్నాడు మొగుడు.

దించుదామనే అనుకుంది. కానీ అదే పుస్తకంలో ఆ రూల్స్ చేసిన మేలు కూడా ఉంది. భాష ఒక దారిన పడబట్టే సముద్రానికి ఆ ఒడ్డున రాసింది ఈ ఒడ్డున చదివి అర్థం చేసుకోగలుగుతున్నారట. పైగా ఆమెకు రూల్స్ అంటే ఇష్టం. గూట్లో గిన్నెలు వరసగా బోర్లించినట్టు మాటలు ఒక వరసలో ఉంటే ఆమె ప్రాణానికి హాయి. కోపం వారంలో దిగిపోయింది. పెన్సిల్ మళ్లీ చేతికొచ్చింది.

ఇదంతా పాత సంగతి. అసలు కథ వాళ్ల కూతురి పెళ్లి మాటలతో మొదలైంది. ఆ పిల్ల ఆస్పత్రిలో నర్సు. అక్కడే ఎక్స్‌రేలు తీసే కుర్రాడిని ఇష్టపడింది. వాళ్లింటి భాష వేరు, వీళ్లింటి భాష వేరు. పిల్లలిద్దరూ ఇంగ్లీషులోనే ప్రేమించుకున్నారు. కుర్రాడిని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజున కామాక్షమ్మ అతనికి ప్రేమగా టీ ఇచ్చింది, ఆ టీ చల్లారేలోపల మూడుసార్లు అతని ఇంగ్లీషును దిద్దింది. అతను మంచివాడు కాబట్టి మూడుసార్లూ థాంక్స్ చెప్పాడు. ఇంటికెళ్లి ఆ ముచ్చట తల్లికి సరదాగా చెప్పాడు. కాబోయే అత్తగారు ప్రొఫెసర్ల పుస్తకాలనే దిద్దుతుందని గొప్పగా కూడా చెప్పాడు.

తల్లి నవ్వలేదు. ఆవిడ ఇస్త్రీ షాపు నడుపుతూ ఒంటిచేత్తో కొడుకును పెంచిన మనిషి. వయసులో ఉన్నప్పుడు ఏదో ఆఫీసు కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో ఒక మాట అడిగితే, లోపలున్నవాళ్లు ఆ మాటనే ఒకరికొకరు చెప్పుకుని పడీపడీ నవ్వారట. ఆ రోజు నుంచి ఆవిడ ఇంగ్లీషు ముక్క పలకలేదు. భాష తెలియని గిరాకీలతో వేలు చూపించే పని నడిపేది. ఇప్పుడు కొడుకు పెళ్లి. ఆవిడ కొడుకుతో కచ్చితంగా చెప్పింది.

"ఒక్కసారి వస్తాను. ఆవిడతో నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే మాట్లాడతాను, మీరెవరూ మధ్యలో మాట అందించొద్దు. ఆ ఇంట్లో నన్ను చూసి ఎవరైనా నవ్వారా, మళ్లీ ఆ గడప తొక్కను. తర్వాత నీ ఇష్టం."

తర్వాత నీ ఇష్టం అని తల్లి అంటే దాని అర్థమేమిటో ఆ కొడుక్కి తెలుసు. తల్లి తొక్కని గడపలో అతను పెళ్లి చేసుకోడు. కూతురు ఉబ్బిన కళ్లతో ఇంటికొచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఒక్క పూట. ఒక్క పూట ఎవర్నీ దిద్దకే. ఆవిడ ఏం మాట్లాడినా, ఎలా మాట్లాడినా, నువ్వు నోరెత్తొద్దు."

"నేనేమైనా రాక్షసినటే?"

"కాదు, ప్రూఫ్ రీడర్‌వి."

కామాక్షమ్మ కూతురి తల మీద చెయ్యేసి సరేనంది. మాటైతే ఇచ్చింది గానీ ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించలేదు. తన నోటి మీద తనకే నమ్మకం లేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. సొంతంగా ఏదీ మాట్లాడకుండా, స్వాగతం చెప్పే నాలుగు ముక్కలు ముందే రాసుకుని బట్టీ పట్టి, అవి అప్పజెప్పి, ఆ తర్వాత నోరు కట్టేసుకోవాలి. ఆ నాలుగు ముక్కలూ కష్టపడి రాసింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూశాక అక్కయ్యతో కలిసి రోజూ చదివింది. ఏ కాగితాన్నైనా ఆ ఇద్దరూ చదివే పద్ధతి ఒకటే కదా. అలాగే చదివారు. నాలుగు రోజులు గడిచేసరికి, నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా అవి ఆమె నాలుక మీద కూర్చున్నాయి.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ముందు గదిలో ఒక సోఫా, రెండు కుర్చీలు, కిటికీ పక్కన కామాక్షమ్మ ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులతో ఒక బల్ల. కుర్రాడి తల్లి సన్నగా, పొడుగ్గా ఉంది. చేతి వేళ్ల మీద అక్కడక్కడా పాత కాలిన మచ్చలు. సోఫాలో కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది, బస్సు రాగానే లేచిపోయేదానిలాగా.

ఎవరూ మాట్లాడలేదు. దిద్దుతానేమోనని కామాక్షమ్మకు భయం. దిద్దుతారేమోనని ఆవిడకు భయం. పిల్లలిద్దరూ మధ్యలో మాట అందించకూడదు. కామాక్షమ్మ మొగుడు, మన కళ్లజోళ్లాయన, కాసేపు వాన గురించి, కాసేపు ఎండ గురించి తన కాలువ ఇంగ్లీషులో చెప్పాడు, కానీ ఎంతటివాడికైనా వానా ఎండా ఎంతసేపు సరిపోతాయి. ఆయన కూడా ఆగిపోయి భార్య వంక చూశాడు. కూతురు కళ్లతోనే బతిమాలింది. కుర్రాడి తల్లి చీర కొంగు వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం మొదలుపెట్టింది. ఈ పెద్ద చదువులావిడ నాతో మాట్లాడ్డానికే ఇష్టపడట్లేదు అన్న మాట ఆ ముఖంలో స్పష్టంగా రాసి ఉంది.

కామాక్షమ్మ లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. బట్టీ పట్టింది బట్టీ పట్టినట్టే, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది.

"డియర్ సిస్టర్ కామా వెల్‌కమ్ టు అవర్ హోమ్ ఫుల్‌స్టాప్ వి ఆర్ హ్యాపీ కామా వెరీ హ్యాపీ కామా టు సీ యూ ఫుల్‌స్టాప్ న్యూ పేరా."

కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తన నోట్లోంచి ఏం వచ్చిందో కామాక్షమ్మకు ఇంకా తెలియలేదు. మొగుడి బుగ్గలు పూరీల్లా పొంగడం చూసి, ఎందుకా అని వెనక్కి తలుచుకుంది. తలుచుకోగానే నాలుక కరుచుకుంది.

కుర్రాడి తల్లి మాత్రం ఎంతో శ్రద్ధగా విన్నది. గొప్ప ఇళ్లలో ఇంగ్లీషు ఇలా మాట్లాడతారు కాబోలు అనుకుంది. మర్యాదకు మర్యాద చేయాలని తనూ లేచి నిలబడి, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"థాంక్యూ కామా మేడమ్ ఫుల్‌స్టాప్. మై సన్ కామా గుడ్ బాయ్ ఫుల్‌స్టాప్. యువర్ డాటర్ కామా వెరీ గుడ్ కామా ఐ లైక్ ఫుల్‌స్టాప్." కాస్త ఆగి, ఏదో మర్చిపోయినట్టు గుర్తు తెచ్చుకుని, "న్యూ పేరా" అంది.

ఇప్పుడు ఆ గదిలో ఎవరు నవ్వినా పెళ్లి ఆగిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. కుర్రాడు కింది పెదవి కొరుక్కుంటూ నేల చూస్తున్నాడు. కళ్లజోళ్లాయన కిటికీలోంచి తల బయటపెట్టి వీధిలో ఏదో ముఖ్యమైన పని ఉన్నట్టు చూస్తున్నాడు, ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. కామాక్షమ్మ పళ్ల బిగువున నిలబడింది. కానీ నవ్వు తుమ్ములాంటిది, ఆపేకొద్దీ ఎక్కువవుతుంది. ముందుగా నవ్వేసింది ఆమే. అదీ చిన్నగా కాదు, కుర్చీ పట్టుకుని, కళ్లజోడు తీసేసి, కళ్ల నీళ్లు కారేలా.

కుర్రాడి తల్లి ముఖం తెల్లబోయింది. చేతి సంచి అందుకుంది.

కామాక్షమ్మ ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిటికీ పక్క బల్ల దగ్గరికి దాదాపు లాక్కెళ్లింది. ఇక్కడి నుంచి వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే అయినా, మన మాటల్లోనే చెప్పుకుందాం.

"మీరు కాదు. నేను, నన్ను చూసి నేనే నవ్వుతున్నా. ఇది చూడండి." ఎర్ర గుర్తులతో నిండిన ప్రూఫు కాగితం చూపించింది. తను అక్కయ్య అయిపోయి ఒక కుర్చీలో కూర్చుని పైకి చదివింది, గబుక్కున లేచి రెండో కుర్చీలో కూర్చుని పెన్సిల్ ఆనించింది, మళ్లీ లేచి మొదటి కుర్చీకి వచ్చింది. "రోజంతా ఇదే. కామా, ఫుల్‌స్టాప్, కామా, ఫుల్‌స్టాప్. మీకోసం నాలుగు రోజులు చదివాను. భయంతో అన్నీ కలిపి వాగేశాను. మనుషులెవరూ ఇలా మాట్లాడరు. నేనొక్కదాన్నే."

ఆవిడ కాగితాన్ని చూసింది, రెండు కుర్చీలనూ చూసింది, ఆయాసపడుతున్న కామాక్షమ్మనూ చూసింది.

"భయం? మీకా?"

"మిమ్మల్ని దిద్దుతానేమోనని. నోరు మూసుకుంటానని మా అమ్మాయికి మాటిచ్చాను."

ఆవిడ సంచి మెల్లగా కింద పెట్టింది. కొడుకు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నేనూ మాటిచ్చా. మా అబ్బాయికి. ఎవరి బట్టల గురించీ మాట్లాడనని."

"బట్టలా?"

"ముందు చొక్కా చూస్తా. మనిషిని తర్వాత చూస్తా. అలవాటు." కిటికీ దగ్గరున్న కళ్లజోళ్లాయన వైపు వేలు చూపించింది. "వచ్చినప్పట్నుంచి ఆ కాలరు చూస్తున్నా. ఒక పక్క ఇస్త్రీ అయింది, ఒక పక్క కాలేదు. నా ప్రాణం పోతోంది."

కళ్లజోళ్లాయన గబుక్కున కాలరు మూసుకున్నాడు. అప్పుడు నవ్వింది ఆవిడ. పొట్ట పట్టుకుని, బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. ఇక ఎవరూ ఆపుకోవాల్సిన పని లేకపోయింది. కుర్రాడైతే సోఫాలోంచి కిందికి జారిపోయాడు. కామాక్షమ్మకు ఎంత సంతోషమేసిందంటే, ముక్కూ ముఖం తెలియని ఆ మనిషి భుజం మీద తల ఆనించేసింది.

తర్వాత ఆడవాళ్లిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ, ఒకేసారి మాట్లాడుకున్నారు. కౌంటర్ దగ్గర నవ్వినవాళ్ల సంగతి ఆవిడే చెప్పింది. విని కామాక్షమ్మకు కోపమొచ్చింది. ఆ రూల్స్‌ను ఎవరు చేశారో, ఎవరు భయపడి కొన్నారో, తను ప్రూఫుల్లో చదివిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"తెలుసు" అంది ఆవిడ తల ఊపుతూ. "కొత్తగా ఆఫీసరైనవాడే కాలరుకి ఎక్కువ గంజి పెట్టమంటాడు. పాత ఆఫీసరు నలిగింది తొడుక్కుపోతాడు."

"అలాగని ఇస్త్రీ వద్దంటారా?"

"నా షాపు మూయిస్తారా ఏంటి? ఇస్త్రీ కావాలి. కానీ చొక్కా లోపల మనిషుండగా పెట్టె పెట్టకూడదు."

ఆవిడ మాటల్లో ఒక్కటైనా సరైన వాక్యం లేదు. దిద్దాలన్న ఆలోచనే రాలేదు కామాక్షమ్మకు. మాటిచ్చినందుకు కాదు, ఆవిడ చెప్పేది వినాలన్న తొందరలో.

చీకటి పడే వేళకు తల్లీకొడుకులు లేచారు. మెట్ల దగ్గర నిలబడి, "మళ్లీ రండి అని మీ భాషలో ఎలా అంటారు?" అని అడిగింది కామాక్షమ్మ. ఆవిడ చెప్పింది. కామాక్షమ్మ పలికింది. కుర్రాడు దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకున్నాడు.

"అర్థమైంది, చాలు" అంది ఆవిడ.

"చాలదు. సరిగ్గా చెప్పండి."

ఆవిడ మళ్లీ చెప్పింది. ఈమె మళ్లీ తప్పు పలికింది. పక్కవాటాల తలుపులు రెండు తెరుచుకున్నాయి. ఆవిడకు ఇప్పుడు హుషారొచ్చింది. కామాక్షమ్మ గడ్డం పట్టుకుని, నోరు ఇంతే తెరవాలని చూపించి, ముక్కముక్కగా పలికించింది. కాదంది, మళ్లీ అంది, ఇంకాస్త గట్టిగా అంది. దిద్దించుకోవడంలో ఇంత సుఖముందని కామాక్షమ్మకు అప్పటిదాకా తెలియదు. చివరికి ఆ రెండు మాటలూ కుదిరాయి. ఆవిడ భేష్ అన్నట్టు వీపు తట్టి, కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగింది.

ఒక అంతస్తు దిగాక అడుగుల చప్పుడు ఆగింది. మళ్లీ పైకి వచ్చింది. సంచి మర్చిపోయిందేమోనని కామాక్షమ్మ లోపలికి చూసింది. సంచి ఆవిడ చేతిలోనే ఉంది.

"పిలిచారుగా" అంది ఆవిడ గుమ్మంలో నిలబడి. "వచ్చాను."

చెప్పులు విడిచి, గడప దాటి లోపలికొచ్చి, ఈసారి కుర్చీ జోలికి పోకుండా సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇంకో టీ కావాలంది. పెళ్లి ఎప్పుడు చేద్దామని అడిగింది. వెనకాలే వచ్చిన కుర్రాడు, తలుపు పట్టుకుని నిలబడ్డ కూతురు ఒకరినొకరు చూసుకున్నారు. కామాక్షమ్మ టీ గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లి, కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చింది.

ముప్పై ఏళ్ల కింద ఎవరో రాసిన తప్పును కూడా పేజీ నంబరుతో సహా చెప్పగల మనిషి ఆమె. కానీ పెళ్లి ఎప్పుడని ఆవిడ అడిగిన ఆ వాక్యంలో ఎన్ని తప్పులున్నాయో చెప్పమని మొగుడు ఎన్నిసార్లు ఆటపట్టించినా, ఆమెకు ఒక్కటీ గుర్తు రాదు.